ఇత్తడి అంచు

ఆవిడకి అసలు పేరు ఉండే ఉంటుంది. వీధిలో అందరికీ మాత్రం ఆవిడ మేకులమ్మే. పనిచేసేటప్పుడు నాలుగు సన్నమేకులు పెదాల మధ్య బిగించుకోవడం అలవాటు. ఎవరైనా పలకరిస్తే వాటిని ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టి, అప్పుడు నోరు విప్పేది. నాలుగో మేకు తీసేలోగా అనవసరమైన మాటలన్నీ వాటంతటవే రాలిపోయేవి. "మా అక్క మాట్లాడదండీ, దిగ్గొడుతుంది" అనేవాడు తమ్ముడు.

తమ్ముడు అద్దాలు కోస్తాడు, ఆవిడ ఫ్రేములు కడుతుంది. దుకాణం రైలుపెట్టెలా సన్నగా పొడుగ్గా ఉంటుంది. కుడిగోడకి అద్దపు పలకలు ఒకదాని వెనక ఒకటి ఆనించి ఉంటాయి. మధ్యాహ్నం మూడింటికి ఎండ ఎదుటి మేడ మీంచి జారి లోపలికి రాగానే వీధి వీధంతా ఆ పలకల్లోకి నడిచొస్తుంది. సైకిలు మీద పోయే మనిషి మొదటి పలకలో ఉన్నవాడు ఉన్నట్టే కనిపించి, రెండోదాంట్లో పలచబడి, మూడోదాంట్లో లేతాకుపచ్చగా మారి మాయమైపోతాడు. ఆ పావుగంటా మేకులమ్మ ఏ పనీ ముట్టుకోదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తమ్ముడు కూడా ఆ పావుగంట అద్దం కోయడు. ఎందుకని వాళ్లెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒకప్పుడు ఆ దుకాణంలో సర్టిఫికెట్లకీ, పెళ్లిఫోటోలకీ, పోయినవాళ్ల ఫోటోలకీ తప్ప ఫ్రేములు కట్టేవాళ్లు కాదు. ఇరవై రెండేళ్ల కిందట ఎవరో ఒకాయన పాత క్యాలెండరు వెనకవైపు వేసిన రంగుల బొమ్మ ఒకటి ఇచ్చి, రేపొస్తానని వెళ్లి, ఏడాదైనా రాలేదు. మంచులో సగం మునిగిన వంతెన అది. ఊరికే చుట్టిపెట్టడమెందుకని ఆవిడ ఫ్రేము కట్టి గోడకి తగిలించింది. గడ్డం గీసుకునే అద్దం కొనడానికి వచ్చినవాడొకడు అద్దం సంగతి మర్చిపోయి అరగంట ఆ వంతెన ముందు నిలబడి, ఎంతకిస్తారని అడిగాడు. వేసినవాణ్ణి వెతికి పట్టుకోవడానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది. ఆయన పోస్ట్‌మ్యాన్. డబ్బు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరికివ్వాలమ్మా?" అన్నాడు.

ఆయన వెనక ఒక నర్సు వచ్చింది. సైన్సు మాస్టారొచ్చాడు. గూడ్సు బండి గార్డొచ్చాడు. అందరూ వేరే ఉద్యోగాలున్నవాళ్లు. బొమ్మలేస్తామని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పనివాళ్లు. కొందరు ఇంట్లోవాళ్లకీ చెప్పలేదు. స్కేలు లేకుండా తిన్నగా గీతైనా గీయలేని మేకులమ్మ దగ్గరికి వాళ్లంతా పాతచీరలో చుట్టిన అట్టలు పట్టుకుని, దొంగసొత్తు తెచ్చినట్టు, వీధి అటూ ఇటూ చూసుకుంటూ వచ్చేవాళ్లు.

ఆవిడ ఆ బొమ్మల్ని దుకాణం గోడ మీదే ఉంచలేదు. పళ్ల డాక్టరు దగ్గర జనం కూర్చునే గదిలో పెట్టించింది. "పంటినొప్పితో మాట్లాడలేరు, తినలేరు. చూడ్డం తప్ప ఇంకేం చేస్తారు?" అనేది. అక్కణ్ణించి మొదలైందే గోడచూపులు. బొమ్మ నచ్చినవాళ్లు అక్కడికక్కడ కొనకూడదు. ఆవిడే దుప్పట్లో చుట్టి వాళ్లింటికి తీసుకెళ్తుంది. గోడ ఆవిడే ఎంచుతుంది, మేకు ఆవిడే కొడుతుంది. వారం రోజులు ఉత్తినే ఉంచుకోవచ్చు.

"పిల్లనిచ్చేముందు కూడా ఇంత చూడరు కదమ్మా" అని నవ్వాడొకాయన.

"పిల్లయితే నచ్చకపోతే నోరు తెరిచి చెబుతుంది. బొమ్మ చెప్పలేదుగా" అంది ఆవిడ.

ఏడోరోజు వెళ్లి, నచ్చిందా అని అడిగేది కాదు. నచ్చిందనే అంటారు, మర్యాద కోసం. ఫ్రేము పైఅంచు మీద చూపుడువేలు పెట్టి ఒక్కసారి లాగేది. వేలికి దుమ్ము అంటితే బొమ్మ దింపి దుప్పట్లో చుట్టేసేది. అంటకపోతే, ఆ ఇంట్లో ఎవరో దాన్ని తమదనుకుని తుడుస్తున్నారన్నమాట. ఈ లెక్క ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

*

లిఫ్టాయన వచ్చినప్పుడు బొమ్మలు తేలేదు, ముందు మాట తెచ్చాడు. అయిదంతస్తుల పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. చేత్తో లాగే తలుపూ, చేత్తో తిప్పే హ్యాండిలూ ఉన్న పాత లిఫ్టు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే స్టూలు.

"ఒక్క బొమ్మ అమ్ముడవ్వాలండీ. చుట్టాలు కొనకూడదు. జాలిపడి కొనకూడదు" అన్నాడు.

"అదేం షరతు?"

"మా ఆవిడది. మాకున్న చిన్నగది నేను బొమ్మలకి వాడుతున్నా. ఆవిడకి కుట్టుమిషను పెట్టుకోవాలనుంది. వచ్చే నెల ఒకటో తారీఖున మిషనొస్తుంది. ఈలోగా ఒక్కటి అమ్ముడైతే గది నాది, లేదంటే ఆవిడది. ఒప్పుకున్నా. ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది చెప్పండి? నా బొమ్మలు ఎవరికి చలి ఆపుతాయి?"

మర్నాడు పన్నెండు బొమ్మలు తెచ్చి బల్ల మీద పరిచాడు. పన్నెండూ నీళ్లరంగులే. పన్నెండూ ఒకే చోటు. నాలుగో అంతస్తు వసారా. పొడుగాటి వసారా, అటూ ఇటూ మూసిన తలుపులు, చివర ఒక కిటికీ. మనుషులు లేరు. ఒకదాంట్లో కిటికీలోంచి వచ్చిన వెలుగు నేల మీద పాలు ఒలికినట్టుంది. ఒకదాంట్లో సగం దూరం వచ్చి ఆగిపోయింది. వానరోజు వేసిన బొమ్మలో వెలుగు గోడలకంతా పట్టిన చెమ్మలా ఉంది. చూస్తూ ఉంటే మేకులమ్మకి తను ఎప్పుడో కలలో నడిచిన చోటేదో గుర్తొచ్చినట్టయింది. కానీ కల గుర్తురాలేదు.

"అన్నీ ఒకటే చోటు ఎందుకేశారు?" అన్నాడు తమ్ముడు.

"మిగతా అంతస్తుల్లో ఎవరో ఒకరు ఎక్కుతుంటారు, దిగుతుంటారు. నాలుగోదాంట్లో ఆఫీసులు ఖాళీ చేసి చాలా కాలమైంది. ఎవరైనా పొరపాటున నాలుగంటే తలుపు తీస్తా. ఎవరూ ఉండరు. ఓ క్షణం చూసి మూసేస్తా."

మేకులమ్మ పాలు ఒలికినట్టున్న బొమ్మ ఎంచింది. మౌంటు కోసింది. మౌంటంటే బొమ్మకీ అద్దానికీ మధ్య ఉంచే మందపాటి అట్ట. మధ్యలో కిటికీలా కోస్తారు, బొమ్మ అందులోంచి కనిపిస్తుంది. కాగితం మీద బొమ్మలు వేసేవాళ్లు అంచుల్లో కుంచె రంగు సరిచూసుకుంటారు, టేపు అంటించి పీకుతారు. అదంతా మౌంటు కిందికి పోతుంది. ఈ బొమ్మకీ కుడివైపు అంచున వేలెడు వెడల్పున గోధుమరంగు పట్టీ ఉంది. వేల కాగితాలు చూసిన చెయ్యి ఆవిడది. ఆ చెయ్యి ఆగలేదు, అడగలేదు. పట్టీని అట్ట కిందికి నెట్టి, వెనక మేకులు కొట్టేసింది.

*

టైపు టీచరు ఒంటరిగా ఉంటుంది. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్లకి టైపు నేర్పి, ఆ మిషన్లు పాత ఇనుముకి పోయాక ఇంట్లో కూర్చుంది. రెండు గదులు. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే సున్నం అంటుతుంది. పళ్ల డాక్టరు దగ్గర ఆ వసారా బొమ్మ చూసి, తన వంతు వచ్చినా లేవకుండా కూర్చుండిపోయిందట.

కిటికీ ఎదుటి గోడ మీద, కుర్చీలో కూర్చుంటే సరిగ్గా కంటికి అందే ఎత్తులో మేకులమ్మ మేకు కొట్టింది.

ఏడోరోజు వేలితో పైఅంచు లాగి చూసింది. వేలు శుభ్రంగా ఉంది.

"ఇక దీన్ని ఇచ్చేది లేదు" అంది టీచరు. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుంది. "సాయంత్రం టీ తీసుకుని ఇక్కడ కూర్చుంటా. కాసేపటికి లేచి అలా నడుచుకుంటూ వెళ్లిపోతున్నట్టుంటుంది. అడ్డం ఏమీ లేదు చూడండి. కిటికీ దాకా వెళ్లొచ్చేస్తా. నా మోకాళ్లకి మెట్లు పడవుగానీ, ఇది పడింది."

మేకులమ్మ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని నేరుగా ఆఫీసు భవనానికి వెళ్లింది. ఆ లిఫ్టెక్కడం అదే మొదలు. శుభవార్త లిఫ్టులోనే చెబుదామనుకుంది. ఇంకో ఇద్దరున్నారు, మూడులో దిగుతామన్నారు, సరే వాళ్లు దిగనీ అనుకుంది. వాళ్లు దిగారు.

"నాలుగు చూస్తారా?" అన్నాడు లిఫ్టాయన. మొహమాటంగా నవ్వి హ్యాండిల్ తిప్పాడు. తలుపు కుడిపక్కకి లాగాడు.

వసారా కనిపించింది. కిటికీ కనిపించింది. నేల మీద వెలుగు అలాగే ఉంది. తలుపు పూర్తిగా లోపలికి పోలేదు. దాని అంచుకి కొట్టిన ఇత్తడి రేకు, వేలెడు వెడల్పున, కుడిపక్క నిలువుగా నిలబడి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే చోట చెయ్యి పట్టుకోవడం వల్ల అక్కడ మాత్రం మెరుస్తోంది.

తను అట్ట కిందికి నెట్టిన పట్టీ వెడల్పే అది.

"ఇంతే. ఇంకాసేపు తెరిచి ఉంచితే కింద నుంచి బెల్లు కొడతారు" అని లిఫ్టాయన తలుపు మూశాడు. "ఇంతకీ ఏదో చెబుదామని వచ్చినట్టున్నారు?"

మేకులమ్మ చంకలో దుప్పటి సర్దుకుంది. "ఊరికే, మీ లిఫ్టు చూద్దామని" అంది.

*

దుకాణంలో మిగిలిన పదకొండు బొమ్మలూ బల్ల మీద పరిచింది. పదకొండింటికీ కుడివైపు అదే పట్టీ. అదే వెడల్పు. నడుమెత్తులో సన్నటి మెరుపు గీత. ఒకదాంట్లో ఆ మెరుపు పక్కన బొటనవేలి కొస కూడా ఉంది. మాసిన గోరుతో సహా. రంగు చూసుకున్న మరక కాదది. అది తలుపు. ఆ తలుపు ఉంటేనే చూసేవాడు లిఫ్టులో ఉన్నట్టు, ఇంకో క్షణంలో అంతా మూసుకుపోతుందన్నట్టు. అది తీసేస్తే ఒట్టి వసారా. లిఫ్టాయన లేడు.

"టీచరుగారికి నచ్చింది ఆయన బొమ్మ కాదురా. నేను కోసిన అట్ట" అంది.

తమ్ముడు అద్దం మీద వజ్రపు కలం ఆపాడు. "అక్కా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆవిడకి నచ్చింది, ఆయనకి గది దక్కుతుంది. అట్ట కింద ఏముందో ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాగా."

"చూస్తే? ఒకటో తారీఖు ఇంకెంతో దూరం లేదు. ఇప్పుడెళ్లి చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. అదీ నీ తల కాదు, ఆయన తల."

మూడింటి ఎండ వచ్చింది. అద్దాల్లో వీధి నడిచింది. ఎవరో ఒకావిడ గొడుగుతో మొదటి పలకలోకి వచ్చింది, రెండోదాంట్లోకి వెళ్లబోతూ పలక అంచు దగ్గర సగం తెగి కనిపించింది. మేకులమ్మ లేచి నిలబడింది. ఆ పావుగంటలో ఆవిడ లేవడం తమ్ముడెప్పుడూ చూడలేదు.

టీచరు ఇంట్లో బొమ్మ దింపి, బోర్లించి, మేకులు పీకి, మౌంటు తీసింది. బొమ్మని ఉన్నదున్నట్టు అద్దం కింద పెట్టి, గోడకి ఆనించి పట్టుకుంది.

"తప్పు నాదండీ. ఇది ఆయన వేసిన బొమ్మ. మీరు ఇన్నాళ్లూ చూసింది నేను కోసింది. ఈ ముక్క మరకనుకున్నా. పాత ఆఫీసు భవనం లిఫ్టు తలుపది, నాలుగో అంతస్తులో."

టీచరు చాలాసేపు చూసింది. కుర్చీలో చాపిన కాళ్లు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"మూసుకుపోతోంది" అంది.

"అవునండీ."

"నాకొద్దమ్మా. ఏమీ అనుకోకండి. మూసుకునేవి నా దగ్గర చాలా ఉన్నాయి."

మేకులమ్మ మేకు కూడా పీకబోయింది. "అదుండనివ్వండి, సున్నం ఊడుతుంది" అంది టీచరు.

*

ఈసారి లిఫ్టులో ఇంకెవరూ లేరు. అంతా చెప్పేసింది. మొదటి అంతస్తులో మొదలుపెడితే అయిదు దాకా పోయి మళ్లీ కిందికి వచ్చేసరికి అయింది. మధ్యలో ఒక గుమాస్తా ఎక్కి దిగాడు. ఆయన ఉన్నంతసేపూ ఇద్దరూ పైన అంకెల్ని చూస్తూ నిలబడ్డారు.

లిఫ్టాయన కోప్పడలేదు. "అంచు లేకుండా ఎలా ఉంది?" అన్నాడు.

"ఏది?"

"వసారా. నేనెప్పుడూ అలా చూళ్లేదు."

"దిగి చూడలేదా? ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా?"

"స్టూలు వదలకూడదండీ. పైకి పోయాక కింద బెల్లు మోగితే ఎవరు చూస్తారు? భోజనం కూడా కిందే. పనిలేని అంతస్తులో దిగాల్సిన పనేముంది?"

మేకులమ్మ ఆయన్ని పక్కకి జరిపి స్టూలు మీద కూర్చుంది. "ఎటు తిప్పితే పైకి?"

"అమ్మా, ఇది కుట్టుమిషను కాదు."

"నేను కుట్టుమిషను కూడా తొక్కుతా. ఎటు?"

చూపించాడు. అటు పైకి, ఇటు కిందికి, నిలువుగా పెడితే ఆగుతుంది. మొదటిసారి అడుగు ఎత్తులో ఆగింది. "మెట్టు దిగాలా, దూకాలా?" అన్నాడు లిఫ్టాయన. రెండోసారి జానెడు కిందికి పోయింది. మూడోసారికి నేలా నేలా కలిశాయి. తలుపు ఆవిడే లాగింది.

ఆయన బయట కాలు పెట్టాడు. నీళ్లలో దిగేవాడిలా ముందు ఒక కాలు, తర్వాత రెండోది. నడిచాడు. చెప్పుల చప్పుడు మూసిన తలుపులకి తగిలి తిరిగొచ్చింది. వెలుగు ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచాడు. నడిచేకొద్దీ ఆయన అంచులు కరిగాయి. కిటికీ దగ్గరికి చేరేసరికి ఒక నీలినీడంత మిగిలాడు.

మేకులమ్మ స్టూలు మీంచి చూస్తోంది. ఎడమవైపు గోడ, చివర కిటికీ, కిటికీలో మనిషి. కుడివైపు ఇత్తడి అంచు. ఆవిడ చెయ్యి దాని మీదే ఉంది, మెరిసే చోటే. చల్లగా ఉంది. తలుపు దానంతటది మూసుకోవాలని కొద్దికొద్దిగా తోస్తోంది. పట్టుకుని ఉండకపోతే మూసుకుపోతుంది. ఇన్నేళ్లూ ఆయన చూసింది ఇలాగన్నమాట, ఒక చేత్తో ఆపుతూ.

కింద బెల్లు మోగింది. మళ్లీ మోగింది. ఎవరో మెట్ల దగ్గర్నుంచి అరిచారు: "లిఫ్టూ! నిద్రపోయావా?"

"ఉండవయ్యా, వస్తున్నా!" అని అరిచింది మేకులమ్మ. ఆడగొంతు విని కింద చప్పుడు ఆగిపోయింది.

లిఫ్టాయన తీరిగ్గా వెనక్కి వచ్చాడు. కళ్లు చికిలించుకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు.

"కిటికీలోంచి ఏం కనిపించింది?"

"వెనక షెడ్డు. నీళ్ల ట్యాంకు." హ్యాండిల్ మీద చెయ్యి వేసి అన్నాడు: "ఇక్కణ్ణుంచే బావుంది. అంచు తీయకండి."

*

ఈసారి మౌంటు లేకుండా, సన్నటి నల్లకర్రతో ఫ్రేము కట్టి, పట్టీ మొత్తం కనబడేలా అద్దం బిగించింది. కొత్త చోటు వెతకలేదు. పళ్ల డాక్టరు దగ్గర అదే మేకుకి అదే బొమ్మని తిరిగి పెట్టింది. రోజులు గడిచాయి. ఎవరూ అడగలేదు. లిఫ్టాయన ఒకసారి దుకాణానికి వచ్చి, గదిలో గోడలు ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

"నిన్నొకావిడ వచ్చిందండీ. పెద్దావిడ. మోకాళ్ల నొప్పులనుకుంటా. నాలుగు అంది. తలుపు తీశా. దిగలేదు. అలా చూస్తూ నిలబడింది. నేను మూయబోతే, ఒక్క క్షణం అని, అంచు మీద చెయ్యి పెట్టి ఆపింది. తర్వాత కిందికి పోనిమ్మంది. ఇలాంటి మనుషులు కూడా ఉంటారు!"

మేకులమ్మ నోట్లో నాలుగు మేకులున్నాయి. తీయలేదు. తలూపింది.

ఆ మర్నాడు టీచరు దుకాణం ముందు రిక్షా దిగింది. బొమ్మ పళ్ల డాక్టరు దగ్గర్నుంచి తనే పట్టుకొచ్చేసింది.

"ఆ ఉత్త మేకు పొద్దస్తమానం నన్నే చూస్తోందండీ. ఇంకో వారం గోడచూపులు చూస్తా. మాటివ్వను."

"ఇవ్వొద్దు. జాలిపడి అసలే ఇవ్వొద్దు."

"జాలా? ఎవరి మీద?" అంది టీచరు. ఆవిడకి షరతు సంగతి నిజంగానే తెలీదు. మేకులమ్మ చెప్పలేదు.

ఏడోరోజు ముప్పయ్యో తారీఖైంది. టీచరు వంటింట్లో టీ పెడుతోంది. మేకులమ్మ బొమ్మ ముందు నిలబడి పైఅంచు మీద వేలు పెట్టి లాగింది. దుమ్ము. వేలి కొసంతా బూడిదరంగైంది.

చంకలో దుప్పటి ఉంది. దాని మడత విప్పింది. బొమ్మ దింపడానికి రెండు పక్కలా పట్టుకోబోయి ఆగింది.

అద్దం మీద, కుడివైపు, సరిగ్గా ఇత్తడి పట్టీ పైన, చెయ్యి ముద్ర ఉంది. నాలుగు వేళ్లూ, అరచేతి మొదలూ. ఒక్కసారి పెట్టిన ముద్ర కాదు. ఒకదాని మీద ఒకటి, రోజూ అదే చోట, కొంచెం పైకీ కొంచెం కిందికీ. లిఫ్టు తలుపు మూసుకోకుండా ఆపేటప్పుడు చెయ్యి ఎక్కడ పడుతుందో అక్కడ. మధ్యాహ్నపు వెలుగు పక్కగోడకి తగిలి గదిలోకి వచ్చింది. ఆ ముద్రలు కొద్దిగా మెరిశాయి.

"అద్దం మురికైంది కదూ?" అంది టీచరు, టీ కప్పులతో గుమ్మంలో నిలబడి. మొహం కొంచెం ఎర్రబడింది. "తుడిచి ఇస్తా ఉండండి."

"ఇచ్చేదెక్కడికి?" అంది మేకులమ్మ. దుప్పటి మళ్లీ మడిచింది. "తుడవకండి."

ఆ సాయంత్రం లిఫ్టాయన ఇంట్లో కొలతలు తీసుకున్నారు. మర్నాడు వచ్చే కుట్టుమిషను వంటింట్లో, నీళ్లబిందెల పక్కన పడుతుందా లేదా అని. పడుతుందని తేలేదాకా ఆయన భార్య, కొన్నావిడ మీ చుట్టం కాదు కదా అని మూడుసార్లు అడిగింది.